రాయి దాకా, గేటు దాకా

కిందటివారం మనం బైండరు గారిని రైలు మెట్టు మీద వదిలేశాం. భుజాన ఒక సంచి, చంకలో పొడుగాటి గుడ్డ గొట్టం. ఆ గొట్టంలో ఉన్నది ఆయన భార్య తొమ్మిదేళ్ళపాటు వీపున కట్టుకుని పరిగెత్తిన జెండా. రేపు తెల్లవారగానే ఈ పెద్ద ఊళ్ళో జరిగే మారథాన్‌లో అది ఆయన వీపున ఉండాలి. దాని మీద రాసి ఉన్నవి రెండే మాటలు: ఐదు గంటలు. ఆ జెండా వెనకాలే వచ్చినవాళ్ళు నలభై రెండు కిలోమీటర్ల అవతలున్న గీతను ఐదు గంటల్లోపు దాటతారని దాని అర్థం. ఇలా జెండా మోస్తూ మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా ఒకే వేగంతో పరిగెత్తేవాళ్ళను పేసర్లంటారు. గెలవడం వాళ్ళ పని కాదు. వెనకాల వచ్చేవాళ్ళకు ఆశగా కనబడటం వాళ్ళ పని.

ఆయన ఊరికే పరిగెత్తిపోదామని రాలేదు. భార్య తన చివరి నలభై రోజులు ఒక చిన్న ఇంట్లో గడిపింది. మందులిక పనిచేయవని తేలినవాళ్ళను నొప్పి తెలియకుండా చూసుకునే ఇల్లది. అక్కడి నర్సు రోగుల ఇళ్ళకు వెళ్ళిరావడానికి ఒక బండి కావాలి. ఆ బండి కోసం బైండరు గారు ఏడాదిగా తన షాపుకొచ్చిన ప్రతివాళ్ళనూ, కుట్టిన పుస్తకం చేతికిస్తూ, మొహమాటపడుతూనే అడిగాడు. సగంపైన పోగైంది. మిగిలినదంతా తానిస్తానన్నవాడు పరుపుల షాపాయన. మూడు మెట్లెక్కేసరికే ఆయాసం వచ్చే భారీ మనిషి. కుర్చీలో కూలబడి, గ్లాసెడు మంచినీళ్ళు తాగి మరీ షరతు పెట్టాడు.

"జెండా ఐదు గంటల్లోపు గీత దాటాలి బైండరు గారూ. ఒక్క నిమిషం ఎక్కువైనా, రోగులకు పరుపులిస్తాను గానీ బండివ్వను."

అన్నాక మళ్ళీ షాపు వైపు రాలేదు.

ఇక ఈ మధ్యాహ్నం సంగతి.

పేసర్లందరూ ఒక బడి మైదానంలో చేరారు. పరుగు బాట మీద సున్నం గీతలు కొత్తగా వేశారు. ఆ వేసినవాళ్ళెవరో, బాట పక్కన మొలిచిన చిన్న పూలమొక్కను తొక్కకుండా దాని చుట్టూ గీతను కాస్త వంచి పోయారు. బైండరు గారి కంటికి ముందు కనబడింది అదే. భార్య పోయాక ఆయనకిలాంటివే కనబడుతున్నాయి.

పేసర్ల కెప్టెన్ వృత్తికి పళ్ళ డాక్టరు. నలభై దాటిన మనిషి, నవ్వదు, కానీ అవతలివాళ్ళు నవ్వితే పళ్ళన్నీ లెక్కబెట్టేస్తుంది. మొదటి మారథాన్ ఆమె బైండరు గారి భార్య జెండా వెనకాలే పూర్తి చేసింది. అప్పట్నుంచి ఆమెను అక్కా అనీ, ఈయన్ను బావగారూ అనీ పిలుస్తుంది.

"అందరూ గడియారాలు తీసి ఇందులో పెట్టండి," అంటూ స్టీలు పళ్ళెం ఒకటి తిప్పింది. పళ్ళు పీకే సామాను పెట్టుకునే పళ్ళెం అది. "ఫోన్లు కూడా. దాచుకున్నవాళ్ళ పన్ను ఒకటి ఉచితంగా తీసేస్తాను."

ప్రతి ఏటా జెండాలు పంచే ముందు ఆమె పెట్టే పరీక్ష ఇది. గడియారం లేకుండా, కేవలం ఒంటి లెక్కతో, ఎవరి జెండా వేగంతో వాళ్ళు ఒక కిలోమీటరు పరిగెత్తి చూపాలి. ఆ బాట మీద రెండున్నర చుట్లు. అయిదు సెకన్లు అటూ ఇటూ అయితే ఫరవాలేదు. అంతకు మించితే జెండా లేదు. పెద్ద భవనాల మధ్యా, వంతెనల కిందా ఖరీదైన గడియారాలు కూడా తప్పు చెబుతాయి. ఒళ్ళు తప్పు చెప్పకూడదు.

ఆరు గంటల జెండా మోసే బస్సు డ్రైవరును అందరూ నిదానం అంటారు. ఆయన ముందు పరిగెత్తి, రెండే సెకన్ల తేడాతో వచ్చి, చెమట తుడుచుకున్నాడు.

"ఇరవై మూడేళ్ళు బస్సు తోలాను. ఒక్కరోజు టైముకి పోలేదు. రెండు కాళ్ళ మీదైతే పోతున్నా. తప్పు బస్సుదేనని ఇప్పుడైనా ఒప్పుకోండి," అన్నాడు.

నవ్వులయ్యాక బైండరు గారి వంతు వచ్చింది. మెళ్ళో తాడుకు వేలాడుతున్న భార్య పాత స్టాప్‌వాచీని తీసి పళ్ళెంలో పెట్టాడు. భయమేం లేదు. ఐదు గంటల జెండా అంటే కిలోమీటరుకు ఏడు నిమిషాల ఆరు సెకన్లు. పదకొండేళ్ళుగా ఆయన పరిగెత్తుతున్నది ఆ వేగంతోనే. పుస్తకం కుట్టేటప్పుడు సూది ఎంత దూరంలో దిగాలో వేలికి తెలిసినట్టు, ఆ వేగం ఆయన కాళ్ళకు తెలుసు.

పరిగెత్తి వచ్చాడు. కెప్టెన్ తన చేతిలోని వాచీ చూసింది.

"ఏడు ముప్పై మూడు. ఇరవై ఏడు సెకన్లు లేటు బావగారూ. రైలు ప్రయాణం బడలిక కావచ్చు. కాస్త ఊపిరి తీసుకుని ఇంకోసారి."

రెండోసారి ఏడు ముప్పై నాలుగు. మూడోసారి మళ్ళీ ఏడు ముప్పై మూడు.

నిదానం కూడా జోకులు మానేశాడు. మిగిలినవాళ్ళు బూట్ల తాళ్ళు సర్దుకోవడంలో మునిగిపోయారు. ఎదుటి మనిషి పరువు కాపాడటానికి బూటు తాడును మించిన వస్తువు లేదు.

కెప్టెన్ ఆయన్ను పక్కకు తీసుకెళ్ళింది.

"ఒంట్లో బాగోలేనివాళ్ళు ఒకసారి ముందొస్తారు, ఒకసారి వెనకొస్తారు. మీరు మూడుసార్లూ ఒకే తప్పు చేశారు. ఇంత కచ్చితంగా తప్పు చేసేవాళ్ళను నేను చూడలేదు. మీ కాళ్ళ లెక్క బాగానే ఉంది బావగారూ. మీకు నేర్పిన కిలోమీటరే తప్పు."

"అది తప్పు కావడానికి వీల్లేదమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "మా కాలవ గట్టు మీద ఆ చివరో రాయి, ఈ చివరో రాయి. మధ్య కిలోమీటరు. కొలిచింది మా మరదలు. సర్వే ఆఫీసులో పని చేస్తుంది. అది కొలిస్తే పొలాల తగాదాలు తీరతాయి."

"పోయినేడు మీరు రెండు మారథాన్‌లు నాలుగూ నలభైకి పూర్తి చేశారు. అందుకే జెండా ఇద్దామనుకున్నాం."

"గుంపులో పడి పరిగెత్తాను. గడియారం చూడలేదు."

"ఓపిక ఉందని తేలింది. లెక్క ఉందో లేదో ఎవరమూ చూడలేదు." ఆమె గొంతు తగ్గించింది. "కిలోమీటరుకు ఇరవై ఏడు సెకన్లంటే మొత్తానికి పంతొమ్మిది నిమిషాలు. మిమ్మల్ని నమ్ముకుని ముప్పై మంది వస్తారు. ఆరింటికి నేను పేర్లు పంపాలి. అయిదున్నర దాకా మీ కోసం ఆగుతాను. అప్పటికీ కుదరకపోతే జెండా వేరేవాళ్ళకిస్తాను. అది అక్క జెండా అని తెలిసే చెబుతున్నా."

ఆయన తలూపాడు. ఆమె ఫోను తిరిగిచ్చింది, స్టాప్‌వాచీ మాత్రం ఇవ్వలేదు.

కుళాయి పక్కన మెట్లున్నాయి. కుళాయి మీద ఎవరో గ్లాసు కడిగి బోర్లించిపోయారు, తర్వాత వచ్చేవాళ్ళ కోసం. బైండరు గారు ఆ గ్లాసుతో నీళ్ళు తాగి, కడిగి, అలాగే బోర్లించి, మరదలికి ఫోను చేశాడు.

"బుజ్జీ, ఆఫీసులో ఉన్నావా?"

"ఆఫీసులోనే ఉన్నాను బావా. ఎలా ఉంది అక్కడ? తిన్నారా?"

"తిన్నాను. ఒక మాట అడుగుతాను, చెప్పు. గట్టు మీద రెండు రాళ్ళ మధ్య ఎంత?"

అవతల ఫ్యాను చప్పుడు వినిపించింది. ఎవరో కుర్చీ జరిపారు.

"బుజ్జీ."

"ఎవరు చెప్పారు?"

"నా కాళ్ళు చెప్పాయి. ఎంత?"

"తొమ్మిది వందల నలభై."

ఆయనకు వెంటనే కోపం రాలేదు. నువ్వా ఇలా కొలిచింది అన్న ఆశ్చర్యం మాత్రం వచ్చింది. ఆ మాటే అన్నాడు.

"నేను సరిగ్గానే కొలిచాను," అంది మరదలు, ఉద్యోగానికి మాట వచ్చినట్టు నొచ్చుకుంటూ. "కిలోమీటరు పంపుహౌసు గేటు దగ్గరికొచ్చింది. అక్కే రాయిని అరవై మీటర్లు ఇవతలకి దొర్లించింది. ఇద్దరం కలిసి దొర్లించాం. నా వేలు నలిగింది కూడా, గుర్తుందా? తలుపులో పడిందని చెప్పాం మీకు."

"ఎందుకు?"

"అప్పుడు మీరెలా ఉన్నారు బావా? డాక్టరు నడవమంటే మూలిగేవారు. పది రోజులు చూస్తాను, కిలోమీటరు ఆగకుండా పరిగెత్తలేకపోతే నన్నిక పిలవొద్దు అని అక్కతో పందెం వేశారు. తొమ్మిదో రోజుకు మీరు తొమ్మిది వందల దగ్గర ఆగిపోయారు. ఆ సాయంత్రమే నన్ను పిలిచింది. కొద్దిగా సాయం చేద్దామే, ఆయన కాళ్ళకు కాదు, ఆయన మనసుకు, అంది."

బైండరు గారికి ఆ పదో రోజు గుర్తుంది. రాయి మీద చేయి వేసి, చిన్నపిల్లాడిలా కేకపెట్టి, ఆ రాయినే ముద్దుపెట్టుకున్నాడు.

"తర్వాతైనా చెప్పొచ్చుగా."

"చెబుదామనే అనుకుంది. రాయిని నెలకింత వెనక్కి జరుపుదామంది. ఒకరోజు గడ్డపార కూడా తీసుకెళ్ళింది. అప్పుడే మీరు ఎదురొచ్చి, ఇవాళ ఏడు నిమిషాల ఆరు సెకన్లు, నీ జెండా వేగం అందుకున్నాను అని చెప్పారట కదా. ఇంటికొచ్చి అంది, ఆ మొహం చూశాక ఎలా చెప్పనే అని." మరదలు బయటికి వచ్చినట్టుంది, ఫ్యాను చప్పుడు ఆగింది. "నేను చెప్పాల్సింది. జెండా మీకిస్తున్నారన్నప్పుడే చెప్పాల్సింది. అక్క మాట తప్పినట్టవుతుందని ఊరుకున్నాను. తప్పు చేశాను బావా."

"అంటే ఆ గట్టు మీద నేనెప్పుడూ దాని వేగం అందుకోలేదన్నమాట."

"మీకు తెలియలేదా? అది గేటు దాకా పోయేది కదా, రోజూ."

ఆయన తర్వాత మాట్లాడతానని ఫోను పెట్టేశాడు.

రోజూ. అవును, రోజూ. ఈ చివరి రాయి దగ్గర ఇద్దరూ కలిసి బయలుదేరేవాళ్ళు. ఆమె ఎగిరి దూకి ముందుకు పోయేది కాదు. పక్కనే ఉన్నట్టుండేది, కాసేపటికి చూస్తే అడుగు ముందుండేది, ఇంకాసేపటికి నాలుగడుగులు. గట్టు కొసకు వచ్చేసరికి అరవై మీటర్ల అవతల ఉండేది. ఆయన రాయిని ముట్టుకునేవాడు. ఆమె రాయి దాటిపోయి పంపుహౌసు గేటును ముట్టుకునేది. అక్కణ్ణుంచే కేకేసేది: "ఏడు ఆరు."

ఇద్దరూ ఒకే క్షణంలో చేయి వేసేవాళ్ళు, ఆయన రాయి మీద, ఆమె ఇనుము మీద. ఉషారెక్కువై ముందుకు పోతుందని ఆయన అనుకునేవాడు. ఆ గేటు కమ్మీ ఒక్కచోట మాత్రం రంగు పోయి తళతళలాడుతుంటే, పంపు మనిషి తాళం వేసే చోటనుకునేవాడు. ఆమె సరిగ్గా తన జెండా వేగంతో, సరిగ్గా కిలోమీటరు పరిగెత్తేది. తర్వాత నడుచుకుంటూ వెనక్కి వచ్చి, "పదండి, వెళ్దాం" అనేది.

చివరి ఏడాది ఆమె గేటు దాకా పోవడం మానేసింది. ఆయనతోపాటే రాయి దగ్గర ఆగేది, ఆయన భుజం పట్టుకుని. గడియారం నొక్కేది కాదు. ఇన్నాళ్ళకు ఇద్దరం కలిసి తిరుగుతున్నాం అని ఆయన సంతోషపడ్డాడు. అప్పటికి డాక్టరు మాట ఆమెకు తెలుసు, ఆయనకు తెలియదు. ఎంత సంతోషపడ్డాడో తలచుకుంటే ఇప్పుడు ఆ మెట్టు మీద కూర్చోవడం కూడా కష్టమైంది.

లేచి బాట దగ్గరికి వెళ్ళాడు.

"ఇంకోసారి చూస్తానమ్మా."

నాలుగోసారి పరిగెత్తుతున్నప్పుడు ఆయనకు కనబడింది గేటే. అక్కడ ఆమె చేయి వేసి నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ అరవై మీటర్ల ఇవతల ఆగిపోయాడు. ఇక ఆగదలచుకోలేదు. ఊపిరి ఛాతీలో మండుతున్నా, కళ్ళలో చెమట దిగుతున్నా ఆగలేదు. గీత దాటాక కూడా పది అడుగులు పోయి, వంగి మోకాళ్ళు పట్టుకున్నాడు.

"ఆరు నలభై ఎనిమిది," అంది కెప్టెన్. "ఇప్పుడు పద్దెనిమిది సెకన్లు ముందు. ఈ వేగంతో పోతే ముప్పయ్యో కిలోమీటరు దగ్గర మీరు పడకపోయినా, మీ వెనకవాళ్ళు పడతారు." ఒక క్షణం ఆగి, "ఎవర్ని పట్టుకోవాలని బావగారూ?" అని అడిగింది.

ఆమె తన తువ్వాలు తీసి ఆయన చేతికిచ్చి, అటు తిరిగి నిలబడింది. ఆయన మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవలసినదంతా చెమటేనని ఇద్దరూ ఒప్పుకున్నట్టే ఉంది.

"అక్క నాకొకటి చెప్పింది," అంది అటు తిరిగే. "జెండా మోసేటప్పుడు ముందున్నవాళ్ళను చూడకూడదట. పక్కన ఎవరున్నారో వాళ్ళను పోనివ్వకూడదట, వదిలిపెట్టకూడదట. అంతే పని అంది. టైము ఐదూ ఇరవై."

అయిదోసారి ఆయన గీత దగ్గర నిలబడి కళ్ళు మూసుకున్నాడు. గేటు గురించి అనుకోలేదు. ఈ చివరి రాయి గురించి అనుకున్నాడు, ఇద్దరూ కలిసి బయలుదేరే చోటు. మొదటి పది అడుగులు ఎప్పుడూ ఒక్కటే. ఆమె బూటు మడమ దగ్గర ఊడిన కుట్టును ఆయనే బైండింగు దారంతో కుట్టాడు. ఆ కుట్టు పక్కనే కదులుతోంది. ఇదుగో, ఇక్కడే ఆమె ఒక అడుగు ముందుకు జారేది. జారనివ్వలేదు. ఎంత చిన్న తేడా అది. అడుగుకు నాలుగు వేళ్ళు కూడా ఉండదు. పదకొండేళ్ళు ఆ నాలుగు వేళ్ళను చూడలేకపోయాడు. మొదటి చుట్టు అయింది. ఆమె మోచేయి ఆయన మోచేతి పక్కనే ఉంది. తరమలేదు, తగ్గలేదు. రెండో చుట్టులో పూలమొక్క దగ్గర వంగిన గీత వచ్చింది. దాన్ని తప్పించుకుని ఇద్దరూ పక్కకు ఒరిగారు. ఆఖరి సగం చుట్టు ఎప్పుడైపోయిందో తెలియలేదు.

గీత మీద కాలు పడింది.

"ఏడు ఆరు," అంది కెప్టెన్.

ఆ రెండు మాటలూ విని ఆయన నిలుచున్నచోటే నిలబడిపోయాడు. నిదానం చప్పట్లు కొట్టబోయి, ఆయన మొహం చూసి, ఎత్తిన చేతులతో తల దువ్వుకున్నాడు.

కెప్టెన్ గుడ్డ గొట్టం విప్పింది. వాడి వాడి మెత్తబడిన జెండా. తోలు పట్టీలు ఆమె కొలతకు బిగించినవి అలాగే ఉన్నాయి. రెండు రంధ్రాలు వదులు చేసి ఆయన వీపున కట్టింది.

"ఒక కిలోమీటరు వచ్చింది. నలభై రెండు రావాలి," అంది. "సగం దూరంలో నేను నిలబడతాను. అక్కడికి ఒక్క నిమిషం తేడాతో వచ్చినా జెండా దింపేస్తాను. ఇంకోటి. రేపు వెనకాల ఎవరు పడిపోయినా, ఎవరు పిలిచినా, జెండా ఆగదు. వెనక్కి తిరగదు. మాటివ్వండి."

"ఇస్తున్నానమ్మా."

ఆ మాట నోట్లో ఉండగానే మైదానం గేటు దగ్గర నుంచి ఎవరో "బైండరు గారూ" అని పిలిచారు. గొంతు తెలిసిందే, మనిషి తెలియలేదు. దగ్గరికొచ్చాక పోల్చుకున్నాడు. పరుపుల షాపాయన. మనిషి సగమయ్యాడు. ఒంటి మీది చొక్కా ఇంకెవరిదో అడిగి తొడుక్కున్నట్టుంది. కొత్త బూట్లకు ధర కాగితం ఇంకా వేలాడుతోంది. చేతిలో రేపటి పరుగు నంబరు.

"మీరేమిటి ఇక్కడ?" అన్నాడు బైండరు గారు.

"నేనూ పేరిచ్చాను. మీ జెండా కిందే," అని సిగ్గుపడుతూ నవ్వాడాయన. "మా అమ్మ కూడా ఆ ఇంట్లోనే పోయిందండీ. మీ ఆవిడకు రెండు గదుల అవతల. ఎవరికీ చెప్పలేదు. డబ్బిచ్చి కూర్చుంటే మనసొప్పలేదు. పది నెలల్నుంచి ప్రాక్టీసు చేస్తున్నా, నవ్వుతారని చాటుగా."

"ఎక్కడ చేశారు?"

"ఇంకెక్కడ, మన కాలవ గట్టు మీదే. ఉదయం మీరు ఇంటికెళ్ళిపోయాక. మీ తెల్ల రాళ్ళున్నాయిగా, ఈ రాయి నుంచి ఆ రాయికి. మీ మరదలు గారు కొలిచినవని అందరికీ తెలుసు." గడియారం ఉన్న చేయి గర్వంగా ముందుకు చాపాడు. "సరిగ్గా ఏడు నిమిషాల ఆరు సెకన్లు, బైండరు గారూ. ఒక్క సెకను ఎక్కువ రాదు. ఒకరోజు ముప్పై రెండుసార్లు తిరిగాను. ఇంతకంటే వేగం అంటారా, నా వల్ల కాదు. ఇది మాత్రం ప్రాణం పోయినా వదలను."

కెప్టెన్ బైండరు గారి వైపు చూసింది. ఆయన వీపున జెండా గాలికి ఒకసారి టపటపలాడి ఊరుకుంది.

"మీ పక్కనే పరిగెత్తుతా," అన్నాడు పరుపుల షాపాయన, వంగి బూటుకున్న ధర కాగితం తెంపుకుంటూ. "నన్ను వదిలేసి పోరు కదా?"